తగువుల టీచరమ్మకు ఒక ఈల

తగువులు తీర్చుకోవడం ఎలాగో ఆఫీసుల్లో పనిచేసేవాళ్లకు నేర్పడంలో అక్కది పదిహేనేళ్ల అనుభవం. అందరూ ఆమెను ‘తగువుల టీచరమ్మ’ అనేవాళ్లు. అలాంటి ఆవిడ చెల్లెలే, ఆవిడతో జంటగా పాఠాలు చెప్పే చెల్లెలే, ఆ పొద్దున రాజీనామా కాగితం బల్ల మీద పెట్టి, "ఇవాళ్టిదే నా ఆఖరి క్లాసు" అంది. అక్క గుండెల్లో రాయి పడింది. కానీ ఎందుకని అడిగే తీరిక ఆమెకు ఎప్పుడుంది గనక?

క్లాసుకు బస్సు డిపో వాళ్లు పంపిన డ్రైవరూ కండక్టరూ వచ్చారు. ఇద్దరిదీ ఒకే బస్సు. ఆరు నెలలుగా మాటల్లేవు. ఏం చెప్పుకోవాలన్నా కండక్టరు ఈలే దిక్కు: ఒకటైతే ఆగు, రెండైతే పోనీ.

"మా దగ్గర ఒకటే రూలు," చెల్లెలు మొదలుపెట్టింది. "ఎదుటివాళ్ల మాటని..."

"వాళ్లు ‘అదే’ అనేదాకా తిరిగి చెప్పాలి. ఆ తర్వాతే మీ మాట!" అక్క అందుకుంది.

చెల్లెలు సుద్దముక్క కింద పెట్టేసింది. "చూశారా? ఇందుకే మానేస్తున్నా."

డ్రైవరూ కండక్టరూ ఆరు నెలల తర్వాత మొదటిసారి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తమకంటే ముదురు తగువు కళ్లముందే దొరికితే ఎవరికి మాత్రం హుషారు రాదు?

"రూలు మాకేనా మేడమ్?" డ్రైవరు కుర్చీ ముందుకు లాక్కున్నాడు. "ఆవిడ బాధేంటో మీరు తిరిగి చెప్పండి."

"దానికి క్లాసులు ఎక్కువ కావాలట."

"కాదు," అంది చెల్లెలు.

"మళ్లీ!" అన్నాడు కండక్టరు, టికెట్ లేనివాణ్ణి పట్టుకున్నంత సంబరంగా.

"పేరంతా నాకే వస్తోందని కుళ్లు."

"కాదు."

చెల్లెలు లేకుండా ఈ గదిలో ఒక్కరోజు కూడా నెగ్గుకురాలేనని అక్కకు తెలుసు. ఆ మాట ఎన్నడూ పైకి అనలేదంతే. సిగ్గు చంపుకుని, నెమ్మదిగా చెప్పింది: "నువ్వు మొదలుపెట్టిన ఏ మాటా నిన్ను పూర్తి చెయ్యనివ్వలేదు. చిన్నప్పట్నుంచీ."

"అదే." చెల్లెలు కళ్లు తుడుచుకుంది. "ఈ మాట నీ నోట వినాలనే నేను..."

అక్క నోరు తెరిచింది.

కండక్టరు గట్టిగా ఒక్క ఈల వేశాడు.

అక్క ఠక్కున నోరు మూసుకుంది. చెల్లెలు తొందరపడలేదు. "వినాలనే ఆ కాగితం రాశానక్కా. చించెయ్. రేపటి క్లాసు మొత్తం నేనే చెప్తా. నువ్వు వెనక కూర్చుని విను."

అరడజను సవరణలు అక్క నాలుక చివరిదాకా వచ్చాయి. అన్నిటినీ మింగి తలూపింది.

డ్రైవరు కండక్టరు వైపు తిరిగాడు. "ఇంకా చూస్తావేం, ఈల కొట్టు!"

కండక్టరు రెండు ఈలలు వేశాడు.