ఇరవై గళ్ళలో ఒకే మాట

మా సంఘంలో జనవరి ఒకటో తారీఖు ఉదయం ఆరాధన అయ్యాక ఒక బుట్ట తిరుగుతుంది. అందులో చిన్న చిన్న కార్డులు బోర్లించి ఉంటాయి. కళ్ళు మూసుకుని ఒకటి తీసుకోవాలి. దాని మీదున్న వాక్యమే ఆ ఏడాదికి దేవుడు మనకిచ్చిన వాగ్దానం.

ఆ కార్డులు తయారుచేసేది నేనే. ప్రింటింగ్ ప్రెస్సులో కంప్యూటర్ మీద అక్షరాలు కూర్చడం నా ఉద్యోగం. పెళ్ళి కార్డులు, బిల్లు పుస్తకాలు, సంతాప పత్రాలు అన్నీ నా చేతుల మీదుగానే పోతాయి. పాస్టరు గారు ఇరవై వాక్యాలు కాగితం మీద రాసిస్తారు. షీటుకి ఇరవై గళ్ళు పెట్టి, గడికో వాక్యం కూర్చి, నాలుగు షీట్లు తీయించి కత్తిరిస్తాను. మొత్తం ఎనభై కార్డులు. పదకొండేళ్ళలో ఒక్క అక్షరం తప్పు పోలేదని నాకు కాస్త పొగరు కూడా ఉంది.

వాగ్దానాల్లో చేదు మాట ఎప్పుడూ ఉండదు. 'ఈ ఏడు నీకు గడ్డుకాలం' అని ఏ కార్డూ చెప్పదు. ఆ సంగతి నాకంటే బాగా ఎవరికి తెలుసు? అయినా బుట్ట నా ముందుకొచ్చేసరికి ప్రతి ఏడూ ప్రార్థన చేసుకునే చెయ్యి పెట్టేదాన్ని. నేను కూర్చిన మాటనే దేవుడు ఏరి నాకిస్తున్నాడని నమ్మేదాన్ని.

మా ఆయన స్కూలు బస్సు డ్రైవరు. సంఘంలో పాట ఎత్తుకునేది కూడా ఆయనే. గొంతు బొంగురుపోయి నెలలు గడుస్తుంటే, బస్సులో పిల్లల మీద అరిచి అరిచి అరిగిపోయిందని ఎగతాళి చేశాను. ఆ ఎగతాళి తలుచుకుంటే ఇప్పుడు నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది. డిసెంబరులో గొంతులోంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. రిపోర్టు చూసి క్యాన్సరని డాక్టరమ్మ నాన్చకుండా చెప్పేసింది. స్వరపేటిక మొత్తం తీసేయాలి. తీస్తే బతికే అవకాశం సగం. తీయకపోతే మహా అయితే ఏడాది. ఒప్పుకుంటే రెండో తారీఖున వచ్చి సంతకం పెట్టమంది.

బయటికొచ్చి బస్టాపు బెంచీ మీద కూర్చున్నాం.

"ఒకటో తారీఖున వాగ్దానం చూసి చెప్తాను," అన్నాడు మా ఆయన.

"బుట్టలో చెయ్యి పెట్టి తేల్చుకునే విషయమా ఇది?"

"మరి దేవుణ్ణి ఇంకెలా అడగను? గొంతు పోతే నాకు పాట ఉండదు. అలా బతకమంటాడో, వచ్చెయ్యమంటాడో ఆయన్నే చెప్పనీ."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆయన మీద కాదు, దేవుడి మీద. ఇంత గొంతు ఇచ్చి వెనక్కి లాక్కునేవాణ్ణి మళ్ళీ సలహా అడగడం ఏమిటి? కానీ ఆయన మొండితనం పదహారేళ్ళ కాపురంలో ఎరిగినదాన్నే కాబట్టి లేచి, వచ్చిన బస్సు ఎక్కేశాను.

మర్నాడు ప్రెస్సులో పాస్టరు గారి కాగితం ముందు పెట్టుకున్నాను. మొదటి వాక్యం, నీకు విశ్రాంతినిస్తాను అని. ఏటా చల్లగా తగిలే మాట. ఈసారి అలా తగల్లేదు. ఇది వస్తే మా ఆయన ఇక సెలవంటాడు. కొట్టేశాను. ఆ గడిలో, నువ్వు చావవు, బతికి నా సంగతులు చాటుతావు అని కాగితం చివర్లో ఉన్న వాక్యం పెట్టాను. రెండోది, నీ కోసం చోటు సిద్ధం చేశాను అని. అదీ తీసేశాను. చెయ్యి పట్టుకుని నడిపిస్తాను అని ఇంకోటి. ఎక్కడికి నడిపిస్తాడు? అదీ వద్దు. ఒక్కో గడీ దాటుతుంటే దేవుడు చెప్పిన తీపి మాటలన్నిట్లోనూ చావే కనిపించింది. మధ్యాహ్నం భోజనాల వేళకి ఇరవై గళ్ళలోనూ ఒకటే వాక్యం మిగిలింది.

తప్పని తెలియదా అంటే తెలుసు. ఏటా ఇద్దరు ముగ్గురికి ఒకే వాక్యం రావడం మామూలే, ఎవరూ పట్టించుకోరులే అనుకున్నాను. నా బుద్ధి అంతవరకే పనిచేసింది.

ఒకటో తారీఖున బుట్ట మా వరసలోకి వచ్చింది. మా ఆయన కళ్ళు గట్టిగా మూసుకుని పెదాలు కదుపుతూ కార్డు తీశాడు. చదివాడు. మళ్ళీ చదివాడు. కళ్ళనిండా నీళ్ళతో కార్డు నా వైపు తిప్పి, "చూడవే, చూడు," అన్నాడు. ఆ బొంగురు గొంతులో అంత సంతోషం విని ఎన్నాళ్ళయిందో. నాకు సిగ్గు వెయ్యలేదు. పోయిన ప్రాణం లేచొచ్చింది.

ఆ సంతోషం ఒక్క నిమిషం కూడా నిలవలేదు. మా ముందు వరసలో తొంభై ఏళ్ళ మామ్మగారు కూర్చుంటారు. నన్ను తొందరగా తీసుకుపో ప్రభువా అన్నది ఆవిడ రోజువారీ ప్రార్థన. పక్కావిడ చేత కార్డు చదివించుకుని గొల్లుమన్నారు.

"చావనా? ఇంకా ఎన్నేళ్ళు తండ్రీ! ఇది నాది కాదు, ఎవరిదో నాకొచ్చింది. అమ్మాయ్, నీది నాకియ్యి!"

పక్కావిడ ఇచ్చింది. అదీ అదే. వెనక్కి తిరిగి ఇంకొకరిది అడిగారు. అదీ అదే. ముందు నవ్వులు వినిపించాయి. తర్వాత అందరూ కార్డులు పక్కపక్కన పెట్టుకుని చూసుకున్నారు. నవ్వులు ఆగిపోయాయి.

"ప్రెస్సులో ఏదో పొరపాటు జరిగినట్టుంది," అన్నారు పాస్టరు గారు. పాపం, నన్ను కాపాడాలనే అన్నారు. కానీ పదకొండేళ్ళలో నా చేతి కింద అక్షరం తప్పు పోలేదని అందరికంటే బాగా తెలిసినవాడు నా పక్కనే ఉన్నాడు. మా ఆయన కార్డు నెమ్మదిగా జేబులో పెట్టుకున్నాడు. నా వైపు చూడలేదు.

ఇంటికొచ్చాక చెప్పులు విప్పుతూ అన్నాడు.

"ఉన్నవి ఉన్నట్టు వదిలేసి ఉంటే ఇదే వచ్చేదేమో."

"రాకపోతే?"

"రాకపోయినా అది ఆయన మాట అయ్యేది."

మా ఆయన గొంతు డాక్టర్లు ఇంకా తీయలేదు. దేవుడి గొంతు నేను ముందే తీసేశాను. ప్రభువా అని మోకరించాను గాని, ఆ తర్వాత ఏం అడగాలో తెలియలేదు. ఆయన ఏం చెప్పినా ఒప్పుకోనని ఇరవై గళ్ళలో అచ్చు వేయించి మరీ చెప్పినదాన్ని, ఏ మొహం పెట్టుకుని అడగను?

రెండో తారీఖున ఆసుపత్రికి వెళ్దాం పద అని మా ఆయనే చొక్కా వేసుకున్నాడు. కౌంటరు దగ్గర నర్సు కాగితం ఇచ్చింది. మా ఆయన జేబులోంచి ఆ కార్డు తీసి కాగితం పక్కన పెట్టాడు.

"ఇది నీ మాటేగా?"

"నాదే."

"దేవుడు నాకేమీ చెప్పలేదు. నీ మాట మీదే సంతకం పెడుతున్నాను."

పెట్టేశాడు. పెన్ను నాకిచ్చాడు. అలవాటు కొద్దీ అచ్చుతప్పులు వెతుకుతూ కాగితం చివరిదాకా చదివాను. ఈ చికిత్స వల్ల రోగి బతుకుతాడని మాకెవరూ హామీ ఇవ్వలేదు అని ఉంది. అక్షరం తప్పు లేదు. దాని కింద భార్యకని వదిలిన గడిలో నేను సంతకం పెట్టాను.