అంబలిలో దూలగొండి

గాజుల అంగడి చెన్నరాయప్ప గాజులు తొడిగితే నొప్పే తెలియదని బళేపేట బజారంతా పేరు. అలాంటి మనిషి చేతికే వణుకుడు జబ్బు పట్టుకుంది. దేవుడికి ఇంకెవరి చేతులూ కనబడలేదు కాబోలు! మనవరాలు చైత్ర శ్రీమంతానికి తానే గాజులు తొడగాలని ఆయన పట్టు. అందుకని రోజూ పొద్దున్నే భార్య పాపక్క తన చెయ్యి ముందుకు చాపేది. ఆయన తొడగబోయేవాడు, గాజు చిట్లేది. గీసుకున్న చోట పసుపు అద్దుకుని ఆమె వంటింట్లోకి పోయేది.

డాక్టరు శశికళ మాత్రలు రాసి, మోతాదు మెల్లగా పెంచుదామంది. పాపక్కకు మెల్లగా అనే మాటే గిట్టదు. వేర్లూ బెరళ్లూ అమ్మే అంగట్లో అడిగితే దూలగొండి గింజలిచ్చారు. పాలలో ఉడికించి, పొట్టు ఒలిచి, ఎండబెట్టి, పొడి కొట్టి రాగి అంబలిలో కలిపింది. ఎవరికీ చెప్పలేదు. నాటుమందు పేరు బయటపెడితే గుణం పోతుందని వాళ్లమ్మ కాలం నుంచీ నమ్మకం.

చెయ్యి నిలిచింది. గాజు చిట్లకుండా మణికట్టు చేరింది. పాపక్క ఆనందం ఇంతా అంతా కాదు. ఇంకాస్త వేస్తే ఇంకెంత మేలోనని చెంచా కాస్తా రెండు చెంచాలు చేసింది.

దాంతో కథ అడ్డం తిరిగింది. చెన్నరాయప్ప మెడా భుజాలూ వాటంతటవే మెలికలు తిరగసాగాయి. ఖాళీ అంగట్లో ఎవరో ఆడవాళ్లు కూర్చుని తనను చూసి నవ్వుతున్నారని ఏడ్చేవాడు. ఏనాడూ కంట తడి పెట్టని మనిషి.

ఆస్పత్రికి తీసుకుపోతే, వేరే మందేమైనా వాడుతున్నారా అని శశికళ అడిగింది. పాపక్క లోలోపల లెక్కలేసుకుంది. చెబితే పొడి మానమంటుంది. పొడి మానితే ఆ చెయ్యీ పోతుంది. శ్రీమంతం చూస్తే ఈ శుక్రవారమే. ఇంతలో పక్కనున్న మగడు, అక్కడ లేని మనుషులకు చోటిస్తూ బెంచీ మీద జరిగి కూర్చున్నాడు. అది చూశాక ఆమె ఇక దాచలేకపోయింది.

“అంబల్లో దూలగొండి పొడి కలపతా ఉండాను తల్లీ,” అంది.

శశికళ కోప్పడలేదు. “ఆ గింజలో ఉండేదీ, నా మాత్రలో ఉండేదీ ఒకటే మందమ్మా. రెండూ ఒకదానిమీద ఒకటి పడి మోతాదు మించిపోయింది,” అని పొడి మాన్పించింది. మాత్ర బాగా పనిచేసే వేళ కనిపెట్టి, చేతిపని ఆ వేళకే పెట్టుకోమంది.

శుక్రవారం పాపక్క ఆ వేళకే గాజులన్నది. రాహుకాలమని అయ్యవారు గొణిగితే, మాకు రాహువు దిగేది ఆ గంటలోనే సామీ అంది.

చైత్ర రెండు చేతులకూ గాజులు ఒక్కటీ చిట్లకుండా ఎక్కాయి. ముత్తైదువలందరికీ తొడిగి పాపక్క దగ్గరికి వచ్చేసరికి మాత్ర బలం తగ్గి, వేళ్లు మళ్లీ వణికాయి. ఆయన సిగ్గుపడి చెయ్యి వెనక్కి తీసుకోబోయాడు.

ఆమె వదల్లేదు. “వణికితే వణకనీలే. ఈ చేతికి అలవాటైపోయుండాది.”

ఆ గాజు ఎక్కడానికి చాలాసేపు పట్టింది. అందరూ భోజనాలకు లేచినా వాళ్లిద్దరూ లేవలేదు.