స్టోరు ఆమెకు తృప్తి కలిగితేనే

నాకు ముక్కు మీద కోపం. కోడిగుడ్డుకి ఈకలు పీకే రకమని మా లాడ్జిలో పనివాళ్లంతా నా గురించి అనుకుంటారు. నా వెనకే అనుకుంటారు గానీ, నాకు వినపడేలా అనుకుంటారు. చీపుళ్లు వస్తే కట్ట విప్పి చూస్తాను. సబ్బులు వస్తే వాసన చూసి గానీ లోపల పెట్టను. స్టోరు తాళాలు నా దగ్గరుంటాయి. లాడ్జి మాత్రం మా అన్నయ్యది.

ఈ కోపిష్టి చెల్లెల్ని నమ్ముకునే అన్నయ్య పరుపులాయనతో చేసుకున్న అగ్రిమెంటులో ఒక మాట రాయించాడు. పరుపులు అనుకున్న రోజు సాయంత్రం ఐదు లోపు లాడ్జికి చేరాలి. ఆ లోపే స్టోరు చూసే ఆమె వాటిని చూసి, తృప్తి కలిగి, సంతకం పెడితేనే సరుకు తీసుకున్నట్టు. లేదంటే ఆర్డరు రద్దు.

"మా చెల్లెలు బాగుందంటే ఇక దేవుడు కూడా వంక పెట్టలేడయ్యా" అని ఆ రోజు అన్నయ్య నవ్వాడు.

"అమ్మగారు నిక్కచ్చిగా చూస్తే నాకే మంచిదండీ" అని పరుపులాయన సంతకం పెట్టాడు.

మా మంచాలు పాతకాలం నాటివి. వెడల్పు తక్కువ, పొడుగెక్కువ. వాటికని కుట్టిన పరుపు ఇంకే మంచానికీ పనికిరాదు. మేం వద్దంటే కొనే నాథుడు ఉండడు. అయినా ఆయన మా మాట మీద మిగతా బేరాలన్నీ వదులుకున్నాడు. పరుపులు కుట్టుకునే షెడ్డు తాకట్టు పెట్టి దూది తెచ్చుకుని మొగుడూ పెళ్లాం కూర్చుని కుట్టారు. ఈ పరుపులు వెనక్కి వెళ్తే ఆ షెడ్డు పోతుంది. ఈ సంగతి అన్నయ్యకీ తెలుసు, నాకూ తెలుసు.

సరుకు రావలసిన రోజు పొద్దున్నే అన్నయ్య నన్ను ఆఫీసు గదిలోకి పిలిచి తలుపు వేశాడు.

"మంచాలే మార్చేస్తున్నానే. కొత్త మంచాలూ ఫోము పరుపులూ కలిపి చవగ్గా ఇస్తానంటున్నాడొకడు. ఈ దూది పరుపులు మనకొద్దు."

"ఆ మాట ఆయనకి చెప్పావా?"

"చెప్తే మాట తప్పింది నేనవుతాను. నష్టం కట్టమని కూర్చుంటాడు. నువ్వు మధ్యాహ్నం డాబా ఎక్కి కూర్చో. నువ్వు చూస్తేనే కదా తృప్తి? చూడకపోతే తృప్తెక్కడిది? ఐదు దాటిందంటే కాగితం ప్రకారం ఆర్డరు దానంతటదే పోతుంది."

పాము చావాలి, కర్ర విరగకూడదు. మా అన్నయ్య ఆలోచనలన్నీ ఇలాగే ఉంటాయి.

"ఇది మోసం కాదూ?"

"స్టోరు ఆమె కిందే ఉండాలని కాగితంలో ఎక్కడైనా ఉందా? చూపించు." అని, గొంతు తగ్గించి, "నువ్వు పెట్టె పట్టుకుని వచ్చేసిన రోజున నీకు గదీ తాళాలూ ఇచ్చిందెవరో గుర్తుందా?" అన్నాడు.

ఎలా మర్చిపోతాను? అత్తారింటి గడప దాటి వచ్చిన నాకు ఇంకో గడప చూపించింది ఆయనొక్కడే. మధ్యాహ్నం కాగానే డాబా ఎక్కాను.

మధ్యాహ్నం దాటాక లారీ వచ్చి గేటు ముందు ఆగింది. పరుపుల మీద ఒక పట్టా కప్పారు గానీ అది అన్నిటికీ చాలలేదు. పరుపులాయన దిగి వాచ్‌మన్‌తో మాట్లాడటం పైకి వినపడుతూనే ఉంది.

"స్టోరమ్మ లేరు. ఆవిడ లేకుండా సరుకు రానివ్వొద్దన్నారు సారు."

"ఎప్పుడొస్తారు?"

"తెలీదు."

పడమటి వైపు మబ్బు కమ్ముకొస్తోంది. పరుపులాయన కాలుగాలిన పిల్లిలా గేటుకీ లారీకీ మధ్య తిరుగుతున్నాడు. గాలికి పట్టా లేచిపోతుంటే ఆయన భార్య లారీ ఎక్కి దాని అంచు మీద కూర్చుంది. కూర్చుని మబ్బు వైపు తలెత్తింది. నన్ను చూసింది.

గబుక్కున నీళ్ల ట్యాంకు వెనక్కి తప్పుకున్నాను. కాసేపాగి తొంగిచూస్తే ఇంకా ఇటే చూస్తోంది. అరవలేదు, మొగుడికీ చెప్పలేదు. పక్కనున్న పరుపు మీద అరచేత్తో రెండుసార్లు తట్టింది, వచ్చి చూసుకోండి అన్నట్టు.

నాకు ఒళ్లు మండిపోయింది. వంక పెట్టడం నా పనే, కాదనను. నచ్చకపోతే నచ్చలేదని మొహం మీదే చెప్తాను. కళ్లు మూసుకుని వంక పెట్టడం మాత్రం నా వల్ల కాదు. మెట్లు దిగాను.

కింద అన్నయ్య గడియారం కేసి చూస్తూ నిలబడ్డాడు.

"ఇంకా టైముంది. పైకి పో."

"చినుకులు మొదలయ్యాయి. పరుపులు తడుస్తాయి."

"తడవనీ. తడిసిన పరుపు చూసి ఎవరు తృప్తి పడతారు?"

అప్పుడు భయమేసింది నాకు, మా అన్నయ్యని చూసి. ఆయన వానకోసం కూడా ఎదురుచూస్తున్నాడు. వెళ్లి నా గుత్తిలోని తాళంతో గేటు తీశాను. వాచ్‌మన్ తల తిప్పేసుకున్నాడు.

మొగుడూ పెళ్లాం పరుగు పరుగున పరుపులు హాల్లోకి మోశారు. నేను చెప్పులు విప్పి ఒక్కో పరుపు మీద మోకాళ్లు ఆనించి, నాలుగు మూలలా బొటనవేలితో నొక్కి చూశాను. పరుపు బాగోగులు మూలల్లోనే తెలుస్తాయి. కుట్టేవాళ్లు అలిసిపోయేదీ, దూది మిగుల్చుకునేదీ అక్కడే. అన్నయ్య నా నెత్తి మీదే నిలబడ్డాడు. నా గురించి ఆయనకి తెలుసు, ఏదో ఒకటి దొరక్కపోదని ఆశ. ఐదు దగ్గర పడుతోంది.

ఒక పరుపు దగ్గర నా వేలు లోపలికి దిగిపోయింది.

చెప్తే అన్నయ్య చేతికి కత్తి అందించినట్టే. ఊరుకుంటే ఎవరికీ తెలియదు. కానీ బాగాలేనిదాన్ని బాగుందంటే, ఇక నాకూ అన్నయ్యకీ తేడా ఏముంది?

"ఇది బాగాలేదు. మూలలో దూది చాల్లేదు."

పరుపులాయన మొహంలో నెత్తురు చుక్క లేదు. అన్నయ్య చప్పట్లు కొట్టాడు.

"అయిపోయింది! మొత్తం వెనక్కి పట్టుకుపో!"

"ఇదొక్కటే వెనక్కి. ఒకటి బాగాలేకపోతే అన్నీ వెనక్కని కాగితంలో ఎక్కడా లేదు. మూల విప్పి దూది కూరి తెస్తారు. మిగతావన్నీ నాకు తృప్తిగా ఉన్నాయి." కాగితం తీసి అలాగే రాసి సంతకం పెట్టాను.

"నా తిండి తింటూ వాళ్ల పక్షమా?"

"ఎవరి పక్షమూ కాదన్నయ్యా. నా తృప్తి అని రాయించింది నువ్వే. నీ తృప్తి అని రాయించుకోవాల్సింది."

ఆయన చెయ్యి చాచాడు. "తాళాలు ఇలా పెట్టు. చీకటి పడేలోపు గది కూడా ఖాళీ అవ్వాలి."

పెట్టాను. ఆయన నా మొహం చూడకుండా గుత్తి జేబులో వేసుకున్నాడు.

నేను వచ్చిననాటి పెట్టెతోనే బయటికొచ్చేసరికి వాన జోరుగా పడుతోంది. ఖాళీ లారీలో ఆ ఒక్క పరుపు మీద పట్టా కప్పుతోంది పరుపులాయన భార్య.

"ఆ మూల కుట్టింది నేనేనమ్మా" అంది. "ఆ వేళ చెయ్యి లాగేస్తుంటే సరిపెట్టేశాను. మీరు పట్టుకోరనుకున్నా."

"పట్టుకోకపోయుంటే నీకే బాగుండేది కదా?"

"పట్టుకోకపోయుంటే, మీరు జాలిపడి సంతకం పెట్టారనుకుని బతికినన్నాళ్లూ కుమిలిపోయేదాన్ని. మిగతావన్నీ నిజంగానే బాగున్నాయన్నమాట."

వంగి నా పెట్టె అందుకుని పరుపు పక్కన పెట్టింది. పట్టా దాని మీదికి కూడా లాగింది.