మూడుసార్లు వేసిన చుక్కలు

మనోరమ బొటనవేలి గోటితో పిల్లవాడి అరికాలు గీసింది. కాలు కదలలేదు. మళ్లీ గట్టిగా గీసింది. ఏడాదిన్నర మాణిక్ ఆమె ముఖంలోకి చూసి నవ్వాడు గాని, కుడికాలు బల్ల అంచున పీలికలా వేలాడుతూనే ఉంది.

"జరం తగ్గిందమ్మా, కాలే మోపుతలేడు," అంది తల్లి బాలమణి. "పోలియో సుక్కలు మూడుసార్లు నువ్వే ఏస్తివి గద సిస్టరమ్మా. మరి గిట్లెట్లాయె?"

కోహీర్ దగ్గరి ఆ ఆరోగ్య ఉపకేంద్రంలో మనోరమ ఆరేళ్లుగా నర్సు. మూడుసార్లూ మందు చెడకుండా ఐసు డబ్బాలో మోసుకుని వాళ్ల వాడ రచ్చకట్టకు వెళ్లింది తనే. మూడుసార్లూ ఈ పిల్లవాడికి విరేచనాలే. అవే రోజుల్లో, అదే సీసాలోంచి పటేలు చెన్నబసప్ప మనవడికీ వేసింది. వాడు వాకిట్లో గెంతుతున్నాడు.

ఆమె బాలమణి వెంట వాళ్ల వాడకు నడిచింది. పటేలు అల్లం కడిగించే తొట్లలోంచి బురదనీళ్లు కాలువ కట్టి నేరుగా వాడబావిలో పడుతున్నాయి. కుళ్లిన తొక్కలు, పేడ, పైన పచ్చటి జిగట. గుడిసెలో బిందె మూత తీస్తే అవే నీళ్లు.

"పిల్లగానికి ఏం పెడ్తున్నవ్?"

"జొన్న గటక మీది తేట. పప్పు యాడ తేవాలె? కిలో ఆరు రూపాలాయె, నా కూలి నాలుగు. పటేలు బర్రెల పాలు సీదా రోడ్డు మీది హోటళ్లకే పోతయి."

శిక్షణలో ఒక ముసలి డాక్టరు చెప్పిన మాట మనోరమకు గుర్తుంది. చుక్కలమందు పేగుల్లో నాటుకుంటేనే పనిచేస్తుంది. మురికినీళ్ల క్రిములు అక్కడ ముందే కాపురం పెడితే, తిండిలేక ఒళ్లు శుష్కిస్తే, అది నిలవకపోవచ్చు. అలాంటి పిల్లలకు ఇంకా ఎక్కువసార్లు వేయాలి. దాంతోపాటు మంచినీళ్లూ, తిండీ కావాలి. ఆమె అదంతా నివేదికలో రాసి, చుక్కల రిజిస్టరుతో జతచేసింది.

మర్నాడు జహీరాబాద్‌లో పెద్ద డాక్టరు రామచందర్ మిరపకాయ బజ్జీ నములుతూ దాన్ని చదివాడు.

"బావి, గటక... ఇవన్నీ నీకెందుకు? పటేలుతోని లొల్లి. నూటికి నూరుమంది పిల్లలకు మందేసినమని మొన్ననే పైకి పంపిన. మూడుసార్లు సుక్కలు పడ్డంక కాలు పడిపోయిందంటే మన ఇజ్జత్ ఏం గావాలె? రిజిస్టర్‌ల ఆ మూడు తారీఖులు కొట్టెయ్. తల్లి తీసుకరాలే అని రాయి."

"తీసుకొచ్చింది సార్."

"అయితే ఐసు సరిగ్గ పెట్టక మందు చెడగొట్టినవని నీ మీదికే వస్తది. నౌకరీ పోతది. జర సోచాయించుకో."

ఆయన నూనె వేళ్లతో కలం ముందుకు నెట్టాడు. మనోరమ దాన్ని ముట్టుకోలేదు.

"నా మీద ఏమన్న రాసుకోన్రి సార్. విరేచనాలతోని పడి ఉన్న బిడ్డను సంకనేసుకొని ఆమె మూడుసార్లు వచ్చింది. ఆమె రాలేదని నేను రాయను."

రామచందర్ కలం తానే అందుకుని రిజిస్టరు తెరిచాడు. మనోరమ ఆ పేజీ మీద రెండు అరచేతులూ పరిచింది.

"చెయ్యి తియ్యి," అన్నాడాయన.

ఆమె తీయలేదు.