దాన్ని లేపకూడదు

సిరంజిలో గుమ్మడికాయ గుజ్జు నింపి మూతి దగ్గర పెడితే, మా దొరసాని మొహం అటు తిప్పుకుంది. దొరసాని అంటే మా అమ్మాయి ముచ్చటపడి కొనిపించుకున్న పెంపుడు తొండ. హాస్టల్‌కి వెళ్తూ, "నువ్వున్నావుగా అమ్మా" అంది. అవును మరి, నేనున్నానుగా.

రెండు వారాల క్రితం మా ఆయన వాలుకుర్చీని వెనక్కి వాల్చారు. దొరసాని వెనకకాలు ఇనప చట్రంలో పడి నుజ్జయింది. "నా ఇంట్లో నేను చూసుకుని కూర్చోవాలా?" అన్నారు. ఇరవయ్యేళ్లుగా ఇదే ఇంట్లో ఎవరికేం కావాలో చూసుకుని గానీ నేను కూర్చోలేదు. తొండని తువ్వాలులో చుట్టుకుని పశువుల ఆస్పత్రికి పరిగెత్తాను. కాలు తీసేశారు. తనంతట తాను తిండి ముట్టిందంటే బతికినట్టేనని చెప్పి, డాక్టరమ్మ జాగ్రత్తలన్నీ కాగితం మీద రాసిచ్చారు. దాన్ని పెద్దక్షరాలతో తిరగరాసి గది తలుపుకి అతికించాను. 'ఆపరేషన్ అయింది. ఆరు వారాలు పూర్తి విశ్రాంతి. పడుకుంటే దాన్ని లేపకూడదు. దాని దగ్గర గట్టిగా మాట్లాడకూడదు. తిండి దాని దగ్గరికే తీసుకెళ్లాలి.'

రాస్తుంటే కుళ్లుకున్నాను, తొండని చూసి. నవ్వితే నవ్వండి. గర్భసంచి తీసినప్పుడు నాకూ ఇలాంటి కాగితమే ఇచ్చారు. అది మా ఆయన చొక్కా జేబులో ఉండిపోయింది. నాలుగోరోజు ఆ చొక్కా నేనే ఉతికాను, కాగితం ముద్దయి చేతికొచ్చింది.

ఈ ఇంట్లో నాకు పేరు లేదు. అత్తగారికి నేను 'అది'. అది లేచిందా, దానికేం తెలుసు, దాన్ని రమ్మను. రాయికీ రప్పకీ, తొండకీ కోడలికీ ఒకటే మాట. విన్నప్పుడల్లా ఒళ్లు మండేది.

ఈ రెండు వారాలూ ఆఫీసులో భోజనం టైముకి ఇంటికి పరిగెత్తుకొచ్చి, దొరసానికి చుక్కచుక్కగా పట్టించి వెళ్లాను. ఈ ఆదివారం మధ్యాహ్నం సిరంజి పక్కనపెట్టి కాసిని ఆకులు తుంచి వేశాను. మూడు కాళ్ల మీద డేకుతూ వచ్చి, టక్కున ఒకటి అందుకుంది. తర్వాత ఇంకోటి. నాకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే ముంచుకొచ్చాయి. హమ్మయ్య అనుకుని పక్కనే మంచం మీద వాలాను. ఎప్పుడు నిద్రపట్టిందో తెలియదు.

మెలకువ వచ్చేసరికి తలుపు అవతల అత్తగారి గొంతు వినిపించింది. మరిదిగారింట్లో మూడు నెలలుండి అప్పుడే దిగినట్టున్నారు. తొండకి కాలు తీసేసిన సంగతి ఆవిడకి ఎవరూ చెప్పలేదు. మా ఆయన టీ కోసం నన్ను కేకేయబోయారు.

"అరవకురా, రాసుంది కనబడట్లేదా?" అన్నారు అత్తగారు గుసగుసగా. "దానికి ఆపరేషనయితే నాకొక్క మాట చెప్పవా?"

"అది కాదమ్మా, అది..."

"దాని గురించేరా నేను చెప్పేది. వెళ్లి టీ పెట్టు. దానికి ఇక్కడికే తీసుకురా."

వంటింట్లో మా ఆయన పంచదార డబ్బా కోసం అలమరలన్నీ తెరిచి మూస్తున్నారు. రెండో అరలో, కుడిపక్కన ఉందని నోటిదాకా వచ్చింది. వెచ్చదనం కోసం పెట్టిన బల్బు కింద దొరసాని ఒక కన్ను తెరిచి నన్ను చూసి, మళ్లీ మూసుకుంది.

నేనూ మూసుకున్నాను. ఆరు వారాల్లో ఇంకా నాలుగున్నాయి.