వెండి ఆకుల మొక్క పూసింది

పూసింది!

నోట్లో బ్రష్షుతో పెరట్లోకి వచ్చిన నోలీన్ నురగ తుడుచుకోకుండానే కేక పెట్టింది. పక్కింటి కుక్క ఉలిక్కిపడి మొరిగింది. "మొరుగు, మొరుగు, ఇవాళ పండగే!" అని దానికీ ఓ మాట విసిరింది. చెప్పుల్లేకుండా తడిగడ్డి మీద పరుగు తీసి, మడత నిచ్చెన విప్పి, గబగబా ఎక్కేసింది. ఏళ్ళ తరబడి బడిబస్సు తోలి రిటైరైన మనిషి. మోకాళ్ళు రెండూ అరిగిపోయాయి. ఆ పొద్దున మాత్రం మోకాళ్ళు ఉన్న సంగతే గుర్తు రాలేదు.

ఆ మొక్క అనాస కులానిదే. కాకపోతే అనాసని దాని ముందు పెడితే మనవరాల్లా ఉంటుంది. మనిషి రెండు చేతులూ చాచినా అందనంత గుబురు, వెండి పూత పూసినట్టుండే ఆకులు, వాటి మొదళ్ళలో ఎప్పుడూ బకెట్ల కొద్దీ వాననీళ్ళు. దుమ్ములాంటి గింజ నుంచి నోలీనే పెంచింది. నడుమ రెండు తుఫాన్లు వస్తే రెండుసార్లూ తన పడకగదిలోకి ఈడ్చుకొచ్చి, తను సోఫాలో పడుకుంది. పూయడానికి పన్నెండేళ్ళు తీసుకుంది మహాతల్లి. రెండు నెలల కిందట నడుమ నుంచి పూగెల పొడుచుకొచ్చి, ఇంటి చూరు దాటి పెరిగి, ఇదిగో, ఇవాళ మొదటి పూవు విప్పింది.

సంతోషం ఎంతో, గుబులూ అంతే. ఈ జాతి జన్మకి ఒక్కసారే పూస్తుంది. పూసి, గింజ కట్టి, చచ్చిపోతుంది. నోలీన్‌కి అరవై ఆరు. మళ్ళీ గింజ వేసి, మళ్ళీ పన్నెండేళ్ళు ఆగి, అప్పుడు కలుపుదాంలే అనుకునే వయసు కాదు.

కలపడం అంటే వేరే మొక్క పుప్పొడి తెచ్చి దీని పూలకి పూయడం. వెండి ఆకుల మీద ముదురు ఎరుపు చార పడే పిల్ల మొక్క ఒకటి పుట్టించాలని ఆమె కోరిక. దానికి ముదురెర్ర ఆకుల మొక్క కావాలి. అలాంటిది ఊరు మొత్తానికి ఒక్కటే ఉంది. అది మెర్విన్ పెరట్లో ఉంది.

అక్కడే వచ్చింది చిక్కు.

మెర్విన్ ఫ్యాక్టరీకి చెరకు మోసే రైలు నడిపి రిటైరయ్యాడు. ఒకప్పుడు ఈ ఇద్దరూ విడదీయలేని జట్టు. ప్రతి శనివారం పిలకలు మార్చుకోవడం, ఒకరి కుండీలు ఇంకొకరు ఎత్తడం, టీ తాగుతూ మూడో మనిషి మొక్కలకి వంకలు పెట్టడం. ఆ రెండు మొక్కలకీ ఒకే వారంలో గింజ వేశారు. "నీ ఎరుపు, నా వెండి, పూసిన రోజున పెళ్ళి చేద్దాం" అని చేతిలో చెయ్యి వేసుకున్నారు.

తర్వాత బ్రొమీలియాడ్ సంఘం, అంటే ఈ అనాస కులం మొక్కలు పెంచేవాళ్ళ సంఘం, ప్రదర్శన వచ్చింది. ప్రదర్శనకి ముందు మొక్కని తలకిందులు చేసి నీళ్ళు వంపాలి, మెత్తటి బ్రష్షుతో ఆకాకూ తుడవాలి, చిరిగిన కొస ఉంటే కత్తిరించిన సంగతి కనబడకుండా కత్తిరించాలి. నోలీన్ అన్నీ చేసింది. కానీ ఆ మొక్కలో తోకకప్పగా ఉన్నప్పటి నుంచీ కాపురమున్న పచ్చ చెట్టుకప్ప, వ్యాన్‌లో ఎప్పుడు మళ్ళీ దూరిందో దూరింది. న్యాయనిర్ణేత మెర్విన్ కళ్ళజోడు సర్దుకుని వంగాడు. కప్ప ఎగిరి ఆయన టై మీద కూర్చుంది. కుండీలో మొక్క తప్ప ప్రాణమున్నది ఏదీ ఉండకూడదని నిబంధన. ఆయన మొహం తెల్లబోయింది. ఆమె పోటీ చీటీ బోర్లించేశాడు.

"కప్పని చూసి జడుసుకుని నా మొక్కని పోటీలోంచి తీసేశావు కదూ?" అంది నోలీన్, హాలంతా వినబడేలా.

"రూలు రూలే, నోలీన్."

"ఆ రూలు నువ్వే నెత్తిన పెట్టుకుని ఊరేగు. ఇంకోసారి నీ గుమ్మం తొక్కితే నా పేరు నోలీన్ కాదు."

అన్న మాట మీదే నిలబడింది, మొండిఘటం. మూడేళ్ళు.

మధ్యాహ్నం చెల్లెలు కొరాలీ బిస్కట్ల డబ్బాతో వచ్చింది. వస్తూనే "అక్కా, నీకో వార్త. మెర్విన్‌ది కూడా పూసింది. అప్పుడే చివరికొచ్చేసింది కూడా" అంది.

నోలీన్ చేతిలో టీ ఒలికింది. "చివరికొచ్చిందా? ఎన్ని పూలున్నాయి ఇంకా?"

"నాకేం తెలుసే, నేను లెక్కపెట్టానా? వెళ్ళి అడుగు."

"చస్తే అడగను."

"అడగకు. గుమ్మం తొక్కనన్నావు గానీ, కంచె దూకనని అనలేదుగా."

నోలీన్ చెల్లెల్ని ఎగాదిగా చూసింది. కొరాలీ బిస్కట్టు నములుతూ, ఎటో చూస్తూ, "రేపు ఆదివారం. తెల్లారకుండానే పీతల బుట్టలు వేసుకుని వాగుకి పోతాడట. ఊరికే చెప్పాను" అంది.

ఆదివారం తూర్పున ఇంకా ఎరుపైనా రాకముందే, సన్న బ్రష్షు ఒకటి, మూత ఉన్న చిన్న డబ్బా ఒకటి జేబులో వేసుకుని నోలీన్ మెర్విన్ వెనక కంచె ఎక్కింది. డబ్బాలో తన వెండి మొక్క పుప్పొడి ఉంది. తీసుకున్నదానికి బదులు ఇచ్చి వస్తే దొంగతనం ఎలా అవుతుందని తనకి తనే సర్దిచెప్పుకుంది. గుండె మాత్రం దడదడా కొట్టుకుంటోంది, నవ్వూ ఆగట్లేదు. లంగరు వేసినట్టు పాంటు కంచెకి తగులుకుంటే, "వదలవే, తల్లీ!" అని గుసగుసగా కంచెని బతిమాలింది.

అటువైపు దిగి టార్చి వేసి చూసేసరికి నవ్వు పోయింది.

ఎర్ర మొక్క పూగెల నడిమికి విరిగి వేలాడుతోంది. మొగ్గలన్నీ కొరికి, చీల్చి, కింద చెత్తగా పడున్నాయి. తెల్ల కాకటూ చిలకల పని, చూడగానే తెలుస్తోంది. మిగిలిన కాస్త కొమ్మకి మెర్విన్ పాత చొక్కా చుట్టి, కర్ర కట్టి, దారంతో బిగించాడు. విరిగిన చేతికి కట్టు కట్టినట్టు. పన్నెండేళ్ళు పెంచిన మనిషికి అలా చూడాల్సి రావడం ఎంత ఘోరమో నోలీన్‌కి ఎవరూ చెప్పక్కర్లేదు.

చొక్కా మెల్లిగా తప్పించింది. నాలుగు పూలున్నాయి. కేసరాలు చూస్తే బోడిగా, నున్నగా ఉన్నాయి. ఒక్క రేణువు పుప్పొడి లేదు. ఎవరో బ్రష్షు పెట్టి శుభ్రంగా ఊడ్చుకుపోయారు.

ఒళ్ళు భగ్గుమంది. "ఎవరికిచ్చావయ్యా? నాకు మాటిచ్చి ఎవరి పాలు చేశావు?" అని ఖాళీ పెరటిని నిలదీసింది. వచ్చిన దారినే కంచె దూకి, పికప్ బండిని ఆ ఇరుకు వీధిలో బస్సులా తిప్పి, ఇల్లు చేరేదాకా మెర్విన్‌ని తిడుతూనే ఉంది.

తన పెరటి గేటు తెరిచి ఉంది. నిచ్చెన వేసి ఉంది. నిచ్చెన మీద, వెండి మొక్క పూగెలలో తల దూర్చి, బ్రష్షు పట్టుకుని మెర్విన్.

"ఓయ్!"

నిచ్చెన ఊగింది. ఆయన పూగెల పట్టుకోబోయి, అది విరుగుతుందని చెయ్యి వెనక్కి లాక్కుని, గాల్లో చేతులాడించాడు. నోలీన్ పరుగెత్తుకెళ్ళి నిచ్చెన కాళ్ళు రెండూ వాటేసుకుంది.

"నువ్వు సంతకి వెళ్తావని కొరాలీ చెప్పిందే!" అన్నాడు పైనుంచి, దొరికిపోయిన గొంతుతో.

"నువ్వు పీతలకి వెళ్తావని నాకూ అదే చెప్పింది. దాని సంగతి తర్వాత. నా మొక్క మీద ఏం చేస్తున్నావు?"

"దీని కేసరాలు ముందే తుంచేశాను, సొంత పుప్పొడి అంటకుండా. ఇప్పుడు నా మొక్క పుప్పొడి అద్దుతున్నాను. ఇంకో పూవుంది, కదపకు."

నోలీన్ కదపలేదు. ఊపిరి కూడా బిగబట్టింది.

"నీ మొక్క చూసొచ్చాను" అంది.

ఆయన బ్రష్షు ఆగింది. "అది ఇక గింజ కట్టదు, నోలీన్. పుప్పొడి మాత్రం బతికే ఉంది. పారెయ్యబుద్ధి కాలేదు."

"నన్ను అడిగితే నోరు పడిపోయేదా?"

"అడిగితే ఒప్పుకునేదానివా?"

"లేదు" అంది నోలీన్. అబద్ధం ఆడటం ఆమెకి చేతకాదు.

అప్పుడే ఆకు మొదట్లో నీళ్ళు తుళ్ళాయి. పచ్చ కప్ప ఒక్క గెంతు గెంతి మెర్విన్ భుజం మీద కూర్చుంది, మెడకి ఆనుకుని. ఆయన కొయ్యబారిపోయాడు. నుదుటి మీద చెమట కింద నిలబడ్డ నోలీన్‌కి కూడా కనబడుతోంది. బ్రష్షు మాత్రం వదల్లేదు. ఆఖరి పూవు నడిమి జిగురు కొసకి పుప్పొడి అద్దాడు, ఒకసారి, ఇంకోసారి. అద్దాకే కళ్ళు మూసుకున్నాడు.

"నోలీన్."

"ఊఁ."

"ఆ రోజు రూలు కాదు. నువ్వన్నదే నిజం. కప్పలంటే నాకు చిన్నప్పట్నుంచీ చచ్చేంత భయం. దీన్ని తీసెయ్, నీకు పుణ్యముంటుంది."

మూడేళ్ళుగా ఆ మాట ఎప్పుడు వింటానా అని కాచుకున్న మనిషి. వింటే ఏమేం దెప్పాలో కూడా అట్టిపెట్టుకుంది. అడిగింది మాత్రం వేరే.

"ఇందులో కప్ప ఉంటుందని తెలిసే ఎక్కావా?"

"తెలియకేం. దీని పుట్టుక నుంచీ చూశానుగా."

నోలీన్ నిచ్చెన రెండు మెట్లెక్కి, చెయ్యి చాచి, కప్పని దోసిట్లోకి తీసుకుంది. తీసి మళ్ళీ ఆకు నీళ్ళలోకే వదిలింది. ఆయన దిగాడు. ముక్కు మీద పసుప్పచ్చగా పుప్పొడి. ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, అది చూసి నవ్వూ వచ్చింది. రెండూ ఒకేసారి రావడంతో దగ్గొచ్చింది.

"గింజలొస్తాయి గానీ, అవి మొక్కలై పూసేసరికి మళ్ళీ పన్నెండేళ్ళు" అన్నాడు మెర్విన్, పూగెల వైపు తలెత్తి. "నాకిప్పుడే డెబ్బై నాలుగు."

"అయితే ఏంటట? శనివారం శనివారం వచ్చి మొలకలకి నీళ్ళు చల్లు." జేబులోంచి చేతిరుమాలు తీసి ఆయన ముక్కుకేసి చూపించింది. "కప్పల్ని నేను పట్టుకుంటాను."