లక్ష్ముడి నావకు కొత్త కొయ్య

విరిగిన తెరచాప కొయ్య మోడు చుట్టూ పేరుకున్న ఉప్పును వడ్రంగి ధనరాజ్ ఉలితో గీకుతున్నాడు. మోకాళ్లు నావ అడుగున, భుజం అడ్డబల్లకి ఆనించి. ఇసుకలో కూర్చున్న లక్ష్ముడు చుట్ట కాలుస్తూ అతని వీపునే చూస్తున్నాడు. కళింగపట్నంలో అందరూ ఇంజను బోట్లకి మారినా ఆ మొండిఘటం చెక్కనావను వదల్లేదు. దానికి కొయ్య నిలబెట్టడం ధనరాజ్‌కి తప్ప ఇంకెవరికీ చేతకాదు. లేకపోతే ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్లే కారు.

నిరుడు వేటలో ఈ కొయ్యే విరిగిపడి, నావలో ఉన్న ధనరాజ్ కొడుకు పాల్ ప్రాణం తీసింది. ధనరాజ్ పుచ్చుకర్ర వేశాడని లక్ష్ముడు ఊరంతా చెప్పుకు తిరిగాడు. కొయ్యని పట్టి ఉంచే చెక్క చీలికలు వదులైనా బిగించకుండా లక్ష్ముడే నావ నడిపాడని ధనరాజ్ అన్నాడు. జనం లక్ష్ముడి మాటే నమ్మారు. ఊరి వేటలో ఎవరి వాటా చేపలు వాళ్లకి పంచే పెద్ద అతనే కదా!

ఆ పొద్దున్న ధనరాజ్ భార్య అన్నమ్మ చోడంబలి గిన్నె ముందర పడేసింది. “కొడుకుని మింగిన నావకి మల్లీ కొయ్యేస్తావా? సిగ్గు నేదా నీకు?”

ధనరాజ్ ఉలి తీసుకుని బయల్దేరాడు. ఇన్నాళ్లూ లక్ష్ముడు ఆ మోడు మీద చెయ్యి వెయ్యనివ్వలేదు. దాని లోపల ఏముందో చూడాలి. ఏడాదిగా ధనరాజ్‌కి నిద్ర లేకుండా చేసింది అదే.

మధ్యాహ్నానికి మోడు ఊడింది. ఇసుకలో నిలబెట్టి నిలువునా చీల్చాడు. లోపల సరుగుడు ఎర్రగా, గట్టిగా ఉంది. విరిగినచోట మాత్రం వదులు చీలికల మధ్య ఊగి ఊగి అరిగిన గాడి.

“సూడ్రా. పుచ్చెక్కడున్నాది?”

లక్ష్ముడు చూశాడు. కాండ్రించి ఉమ్మేశాడు. “ఏటి సూసేది? పని సెయ్యి.”

ధనరాజ్‌కి ఆ చెక్కతోనే అతని నెత్తి పగలగొట్టాలనిపించింది.

సాయంత్రం బోట్లవాళ్లు నలుగురు తాళ్లు లాగి కొత్త కొయ్యని లేపారు. ధనరాజ్ కొయ్యసుత్తితో చీలికలు దిగ్గొట్టాడు.

“పచ్చి కొయ్య. ఎండేకొద్దీ వదులైపోతాది. రోజూ కొట్టాల. కొట్టకపోతే ఇంకోడి కొడుకుని సంపేస్తావు.”

సుత్తి లక్ష్ముడి ముందు పెట్టాడు. లక్ష్ముడు దాన్ని ఇసుకలోకి గిరాటేశాడు. “నీ సుత్తి నాకొద్దు. పో!”

ధనరాజ్ వెళ్లి తెచ్చి, దాన్ని కొయ్య మొదట్లో తాడుతో ముడేశాడు. తర్వాత చీల్చిన మోడు తలకింద పెట్టుకుని నావ పక్కన పడుకున్నాడు. పొద్దుగూకాక అన్నమ్మ వచ్చి లేపింది. లేవలేదు. ఒళ్లు అప్పటికే చల్లబడిపోయింది.

మర్నాడు సమాధుల తోటకి ఊళ్లోవాళ్లంతా వచ్చారు, లక్ష్ముడు తప్ప. పాస్టరు ప్రార్థన ముగించగానే అన్నమ్మ లక్ష్ముడిని పేరు పెట్టి తిట్టింది. తిడుతూ తిడుతూ ఆగిపోయింది. సముద్రం వైపు నుంచి చెక్క మీద చెక్క దెబ్బలు వినిపిస్తున్నాయి.

సాయంత్రం ఆమె నావ దగ్గరికి వెళ్లింది. అక్కడ ఎవరూ లేరు. చీలికల్ని వేలితో కదిపి చూసింది. బిగువుగా ఉన్నాయి. సుత్తి కొయ్య మొదట్లోనే ఉంది, ధనరాజ్ వేసిన ముడి విప్పి, చేపలవాళ్ల ముడితో మళ్లీ గట్టిగా కట్టి.